ఈడ కాదన్నమాట

దాన్ని చంపడమే నా ఉద్యోగం.
బొమ్మనహళ్ళిలో, టైర్ల కొట్టు పైన మూడో అంతస్తులో
పదిన్నర నుంచి ఏడున్నర దాకా
గోడలకేసి గుద్దించి, చక్రాల కిందకి తోసి,
నీళ్ళలో ముంచి, మిద్దెల మీంచి దూకించి
ఏ చావు సరిగ్గా రాలేదో
ఎక్సెల్ షీటులో రాయాలి.
రోజుకి రెండొందల చావులు. శనివారం సగం.

గేములో దానికి పేరు లేదు, నెంబరే.
మసిబారిన ఒళ్ళు, బొటనవేలంత మనిషి,
చేతిలో బుడ్డిదీపం.
నేను జీడిగింజ అని పిలిచేదాన్ని.
సిగ్గు లేదే నీకు అని జీడిగింజనడిగితే
నల్లదాన్ని, నాకేం సిగ్గు అందట.
మదనపల్లెలో మా అవ్వ నన్ను తిట్టడానికి వాడిన సామెత
పదిహేనేళ్ళ తర్వాత దీనికి సరిపోయింది.

చచ్చిన ప్రతిసారీ లేచేది.
మోకాళ్ళు దులుపుకునేది, వత్తి సవరించుకునేది,
ఏదో గొణిగి పక్కకి తిరిగి నడిచేది.
గొణిగేది ఇంగ్లీషులోనే.
నాకు మాత్రం మా ఊరి మాటలో వినపడేది:
"ఈడ కాదన్నమాట."

ధైర్యం చెప్పేవాళ్ళంటే నాకు గిట్టదు.
అంతా మన మంచికే అన్న పెద్దమ్మ ఫోను
మధ్యలోనే పెట్టేశాను,
తమ్ముడు హెబ్బాళ ఫ్లైఓవర్ మీద
పార్సిల్ బ్యాగుతో సహా పడి తుంటి విరిగిన రాత్రి.
ఎవరి మంచికి? బిర్యానీ ఆర్డరు పెట్టినవాడికా?
వాడు కూడా ఒక్క స్టారే ఇచ్చాడు.

జీడిగింజ అలాంటి మాటలు ఎత్తలేదు.
తల తగిలిన గోడ గురించే మాట్లాడింది.
తగలని గోడల మీద దానికే అభిప్రాయమూ లేదు.

ఆ మాట రాసిన బోపయ్యని అడిగాను,
లిఫ్టు పనిచెయ్యని రోజు, మెట్ల మీద టీ తాగుతూ.
"రెండు నెలలు జీతం పడలేదు కదమ్మా అప్పుడు,
అంతకన్నా పెద్ద మాట టైపు చెయ్యడానికి
ఓపిక లేకపోయింది" అన్నాడు.

ఏప్రిల్లో అడుగు లేని చోటు ఒకటి దొరికింది.
ఏడో లెవెల్, వంతెన పక్కన, బూడిదరంగు రాయి వెనక.
అక్కడ పడితే చావు రాదు, పడుతూనే ఉంటుంది.
చావు లేదు గనక లేవడం లేదు, ఆ మాటా లేదు.
సిస్టం ఆపకుండా పీజీకి వెళ్ళిపోయాను.
ట్యాంకరు రాలేదు. మనిషికో బకెట్టు, దానికో టోకెను.
నలుగురం సర్దుకునే గదిలో
పైమంచం మీద నాకు నిద్ర పట్టలేదు.
పొద్దున వచ్చి చూస్తే ఇంకా పడుతూనే ఉంది,
గాల్లోనే వత్తి సవరించుకుంటూ.

రిపోర్టు రాశాను. పదకొండు వందల నలభై మూడో తప్పు.
మర్నాటికి ఎవరో అక్కడ నేల పరిచారు.
కంటికి కనపడదు, రంగు లేదు,
కాలికి తగులుతుందంతే.
జీడిగింజ దానిమీద పడి, చచ్చి, లేచి
ఈడ కాదన్నమాట అంది.
హెడ్‌ఫోను సర్దుకుంటున్నట్టు
మొహం పక్కకి తిప్పుకున్నాను.

జూన్‌లో కంపెనీ మూసేశారు. కుర్చీలు కూడా అమ్మేశారు.
గేము బయటికి రాలేదు.
దాన్ని ఎరిగినవాళ్ళం మొత్తం మీద పదకొండు మందిమి.
బోపయ్య నెంబరు ఇప్పుడు మోగడం లేదు.

ఇవాళ జయనగర ఆస్పత్రిలో
రెండు ఇనపకడ్డీల మధ్య తమ్ముణ్ణి నిలబెట్టారు.
ఒందు, ఎరడు అని లెక్కపెడుతోంది ఫిజియో అమ్మాయి.
నేనేం చెప్పలేదు.
ఆటోలో వేసుకొచ్చిన నా పీజీ పరుపు
వాడి వెనక నీలం టైల్సు మీద పరిచాను.

మూడో అడుగుకి పడ్డాడు.
పరుపు మీద కూలబడి
నన్నూ డాక్టర్నీ హెబ్బాళనీ కలిపి
ఒకే బూతులో తిట్టాడు.
కాసేపు ఫ్యాను వంక చూశాడు.
తర్వాత మోకాళ్ళు దులుపుకుని
"ఎడం పక్క కడ్డీ జారతా ఉండాది,
గుడ్డేమన్నా ఉందా అక్కా" అన్నాడు.